సరి బేసి

రాత్రి పదిన్నరకు మూడో డిస్కు
ఎర్రగా కన్ను తెరిచింది.
ఉరవకొండలో ఆ వేళకు మగ్గాలన్నీ పడుకున్నాయి.
నేనొక్కదాన్నే
నాలుగు డిస్కుల పెట్టె ముందు మోకాళ్ల మీద.

అందులో ఏముందని అడిగితే ఏం చెప్పేది?
పదిహేడేళ్ల అంచులు, కొంగులు.
కదిరప్ప అడిగిన గవ్వల బారు,
బళ్లారి సేటు మూడుసార్లు మార్పించిన మామిడి పిందె,
ఎవరూ అడక్కుండా
నాకోసం నేను గీసుకున్నవి రెండు.

తాత కాలంలో ఇవన్నీ అట్టలు.
బొక్కలు పొడిచి, దారంతో కుట్టి
జకార్డు మీద దండలా వేలాడదీసేవాడు.
బొక్క ఉంటే పోగు లేస్తుంది, లేకుంటే లేవదు.
అంతే లెక్క.
ఈ పెట్టెలోనూ అంతే లెక్క.
ఒక వానాకాలం చెదలు పట్టి
ఒక కొంగు మొత్తం మన్నయింది.
ఆ మన్ను చేటలోకెత్తి
తాత చాలాసేపు పారబోయలేదు.

పెట్టె బిగించిన రోజు గుంతకల్లు మాబ్బాషా అన్నాడు:
"ఒక డిజైన్ను ముక్కలు చేసి అన్నిటికీ పంచుతుంది మేడమ్,
తెరిచేటప్పుడు అన్నీ ఒక్కసారే ఎత్తుతాయి."
అది నాకు చెప్పాల్సిన పనిలేదు.
తెల్లారుజామున వీధిలో పడుగు సాగదీసేటప్పుడు
ఒక్కరైతే పొద్దెక్కుతుంది,
నలుగురైతే ఎండ రాకముందే చుట్టేస్తాం.
"ఒకటి చచ్చిపోతే?"
"మిగిలిన మూడూ చెప్తాయి."

ఇది మాత్రం అర్థం కాలేదు.
చచ్చినోళ్ల దగ్గరున్నది
బతికినోళ్లు ఎట్ల చెప్తారు?

ఆ రాత్రి మంచం మీద చౌడమ్మవ్వ గుర్తొచ్చింది.
కరెంటు పోయిన ఎండాకాలాల్లో
నావి రెండు, అవ్వవి రెండు, నాలుగు పిడికిళ్లు.
ఒక్కోదాంట్లో ఒక చింతగింజ ఉంటుంది, లేదా ఉండదు.
"మొత్తం సరి" అనేది అవ్వ.
మూడు తెరిస్తే ఉంది, ఉంది, ఉంది.
నాలుగోది తెరవకుండానే నేను అరిచేదాన్ని.
"రెండు మూసి అడుగు అవ్వా!"
"రెండు మూస్తే నాకే తెలీదు పో."

కొత్త డిస్కు తోశాను.
నాలుగు శాతం. ఏడు.
ముగ్గురూ తమ తమ గింజలు చూపించి
నాలుగో పిడికిలి నింపుతున్నారు,
కోట్లసార్లు, ఒక్కటీ తప్పకుండా.
పన్నెండు దాటాక గాలి లేచి కరెంటు పోయింది.
యూపీఎస్ కుయ్యో అంటోంది.
ఒకటో డిస్కు లోపల ఏదో టిక్కుమంది,
మళ్లీ టిక్కుమంది.
అప్పుడు తట్టింది.
ఈ నాలుగూ ఒకేరోజు ఒకే అంగట్లో కొన్నాను,
ఒకే ఈడు, ఒకే ఎండ తిన్నాయి.
మిగతావాటికి మాత్రం ఎన్నాళ్లని?
విసనకర్ర తీసుకొని
కడుపునొప్పి బిడ్డకు విసిరినట్టు
తెల్లారేదాకా విసిరాను.

తొమ్మిదీ ఇరవైకి నాలుగూ పచ్చగా వెలిగాయి.

ఆ సంతోషంలోనే, నిద్రలేని చేత్తో
పాతవేవో తీసేస్తూ
గవ్వల బారు చెరిపేశాను.
నాలుగూ ఒక్క మాట మీద
ఎదురు చెప్పకుండా మర్చిపోయాయి.
మాబ్బాషా ఫోన్లో నవ్వాడు:
"చావు నుంచి కాపాడుతుంది మేడమ్,
మీ చేతి నుంచి కాదు."

కదిరప్ప మగ్గం మీద సగం నేసిన చీర ఉంది.
రెండ్రోజులు దానిపక్కనే కూచుని
భూతద్దంతో పోగు పోగూ లెక్కబెట్టి
గుడ్డ నుంచి గీతకు వెనక్కి నడిచాను.
కదిరప్ప టీ తెప్పించాడు, ఏమీ అడగలేదు.

ఇప్పుడు ఐదో డిస్కొకటి
పాత పట్టుముక్కలో చుట్టుకొని
ప్రతి శుక్రవారం పామిడి బస్సెక్కుతుంది.
మా వదిన కందిపప్పు డబ్బాలో పడుకుంటుంది.
దానికి ఈ నలుగురి సంగతే తెలీదు,
అదే దాని బలం.

ఎక్కడో లెక్క తప్పాను.
గవ్వల బారులో ఎడమ నుంచి పదకొండో గవ్వ
ఇప్పుడు కొంచెం పెద్దది.